ఏనుగు కింద నేల

స్కాట్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో తొలి ఏడాది టైటిల్ గెలిచిన క్లబ్బు డంబార్టన్. అది 1891 నాటి మాట. అప్పుడు కూడా కిరీటం పూర్తిగా దక్కలేదు. గ్లాస్గో రేంజర్స్‌తో పాయింట్లు సమానమైతే తేల్చడానికి మరో మ్యాచ్ పెట్టారు. అదీ 2-2తో డ్రా అయింది. దాంతో టైటిల్‌ను చెరిసగం పంచారు. మరుసటి ఏడు డంబార్టన్ ఒంటరిగా గెలిచింది. అంతకుముందు 1883లో స్కాటిష్ కప్పు కూడా ఎత్తింది. 1892 తర్వాత అగ్రశ్రేణి టైటిల్ ఆ ఊరి ముఖం చూడలేదు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనడానికి ఇంతకన్నా గట్టి పత్రాలున్న ఊరు ఐరోపాలో దొరకడం కష్టం.

గ్లాస్గోకు పడమరగా, క్లైడ్ నది ఒడ్డున ఉంటుంది డంబార్టన్. జనాభా ఇరవై వేలకు అటూ ఇటూ. ఒకప్పుడిది ఓడల ఊరు. కటీ సార్క్ అనే ప్రఖ్యాత తెరచాప ఓడ 1869లో ఇక్కడే నీళ్లలోకి దిగింది. బర్మాలో ఇరావతి నది మీద తిరిగిన స్టీమర్లు ఎన్నో ఇక్కడి డెన్నీ యార్డులో తయారయ్యాయి. రంగూన్ రేవులో మూటలు మోసిన తెలుగు కూలీలకు ఆ పొగగొట్టాలు బాగా తెలిసే ఉంటాయి. డెన్నీ యార్డు 1963లో మూతపడింది. ఊళ్లో మిగిలిన పురాతన వస్తువులు రెండు: కొండ మీద కోట, కొండ కింద ఫుట్‌బాల్ క్లబ్బు. ఆ కొండ ఏనుగులా కనిపిస్తుందని ఊరి ముద్రలోనూ క్లబ్బు చిహ్నంలోనూ ఏనుగును పెట్టారు, దాని వీపున కోటను ఎక్కించారు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని తెలుగువాళ్లకు తెలుసు. ఫుట్‌బాల్ క్లబ్బుల విషయంలో స్థలాల వ్యాపారులకూ తెలుసు. కాకపోతే వాళ్ల లెక్కలో చచ్చిన ఏనుగు ధరే కాస్త ఎక్కువ.

స్కాట్లండ్ వృత్తి లీగ్‌లో 42 క్లబ్బులు, నాలుగు డివిజన్లు. పై డివిజన్‌లో పన్నెండు, కింది మూడింటిలో పదేసి. ఇందులో పెద్దవి రెండు, సెల్టిక్, రేంజర్స్. 1985లో అబర్డీన్ గెలిచాక 2025 దాకా, నలభై ఏళ్ల పాటు, టైటిల్ ఈ రెండిళ్ల గడప దాటలేదు. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం అన్నట్టు సాగింది. అందువల్ల చిన్న క్లబ్బు అనే మాటకు స్కాట్లండ్‌లో నిర్వచనం తేలిక: మిగతా నలభై. ఆ నలభైలోనూ తాము చిన్నవాళ్లం కాదని చెప్పుకునేవి ఓ అరడజను ఉన్నాయి. వాటి మనసు నొప్పించడం ఎందుకు?

డంబార్టన్ అభిమానికి గ్లాస్గో అరగంట రైలు ప్రయాణం. అక్కడ అరవై వేల సీట్ల సెల్టిక్ పార్కుంది, యాభై వేల సీట్ల ఐబ్రాక్స్ ఉంది. గెలిచే జట్టును ఎంచుకోవడానికి అభిమానికి టికెట్టు ఖర్చు తప్ప అడ్డేమీ లేదు. శనివారం మధ్యాహ్నం ఊళ్లో చాలామంది చేసేదీ అదే. మిగిలిన కొద్ది వందల మంది మాత్రం మఫ్లర్లు చుట్టుకుని కొండ కిందికి నడుస్తారు. కారణం అడిగితే నాన్న తీసుకొచ్చాడంటారు. ఆ నాన్నను వాళ్ల నాన్న తీసుకొచ్చాడు. ఆస్తి పంపకాల్లో ఎవరూ పోట్లాడకుండా పుచ్చుకునే వాటా ఇదొక్కటే.

విరామంలో తినేది గొర్రె మాంసం కూరిన గుండ్రటి పై. తాగేది బోవ్రిల్, అంటే గొడ్డు మాంసం సారాన్ని వేడినీళ్లలో కలిపిన నల్లటి ద్రవం. అది టీ కాదు, చారూ కాదు. చేతులు వెచ్చబెట్టుకోవడమే దాని అసలు ప్రయోజనమని అనుభవజ్ఞులు చెబుతారు. లాటరీ టికెట్లు అమ్మేదీ, మైదానం మీది మంచు పారతో తీసేదీ, గోడకు రంగు వేసేదీ జీతం లేని అభిమానులే. పెద్ద క్లబ్బు అభిమాని టికెట్టు కొని ఆట చూస్తాడు. చిన్న క్లబ్బు అభిమాని టికెట్టు కొని పని చేస్తాడు.

ఓటమి అతన్ని పెద్దగా బాధించదు. అది వారం వారం వచ్చే చుట్టం, కూర్చోమని పీట వేస్తాడు. అతని నిద్ర చెడగొట్టేది వేరు. గోల్ పోస్టుల మధ్య ఏం జరుగుతోందన్నది కాదు, గోల్ పోస్టుల కింది నేల ఎవరి పేరున ఉందన్నది.

డంబార్టన్ 1879 నుంచి 2000 దాకా బోగ్‌హెడ్ అనే మైదానంలో ఆడింది. నూట ఇరవై ఏళ్లకు పైగా ఆడిన ఆ నేల మీద ఇప్పుడు ఇళ్లున్నాయి. 2000 డిసెంబర్‌లో కొండ పాదాన రెండు వేల పైచిలుకు సీట్ల కొత్త స్టేడియం తెరిచారు. స్టాండు ఒక్కటే. మిగతా మూడు వైపులా స్కాట్లండ్ గాలి కూర్చుంటుంది. దానికి మొదట పెట్టిన పేరు ఒక ఇళ్ల నిర్మాణ కంపెనీది. తర్వాత పందేల కంపెనీ, ఇన్సూరెన్స్ కంపెనీ, బస్సుల కంపెనీ తమ తమ పేర్లు పెట్టుకుని వెళ్లాయి. అభిమాని మాత్రం రాక్ అంటాడు, అంటే కొండ. దానికి ఇంకా స్పాన్సర్ దొరకలేదు.

నేల పోతుందన్న భయం ఊహల్లోంచి పుట్టింది కాదు. 1967 ఏప్రిల్ 28న బోగ్‌హెడ్‌లో డంబార్టన్ 5-1తో ఒక జట్టును ఓడించింది. ఓడిన జట్టు థర్డ్ లానార్క్. అదీ 1872లో పుట్టిందే, డంబార్టన్‌కు ఈడుజోడు. ఒకసారి లీగ్, రెండుసార్లు స్కాటిష్ కప్పు గెలిచింది. 1960-61లో వంద గోల్స్ కొట్టి మూడో స్థానంలో నిలిచింది. ఆరేళ్లు తిరగకుండా బోగ్‌హెడ్‌లో ఆడిన ఆ ఆటే దాని చివరి ఆట అయింది. మూడు రోజుల ముందు సొంత మైదానంలో జరిగిన ఆఖరి మ్యాచ్‌కు వచ్చింది 325 మంది. గ్లాస్గో దక్షిణ భాగంలో ఉన్న కాథ్‌కిన్ పార్కును ఇళ్లకు అమ్మాలన్నది యజమాని ఆలోచన. క్లబ్బు మూతపడింది, ప్రభుత్వం విచారణ జరిపింది, కంపెనీ చట్టం ఉల్లంఘించినందుకు డైరెక్టర్లలో కొందరికి జరిమానా పడింది. ఇళ్లు కట్టడానికి మాత్రం నగరపాలక మండలి ఒప్పుకోలేదు. క్లబ్బు పోయింది, ఇళ్లూ రాలేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అలాగన్నమాట. కాథ్‌కిన్ ఇప్పుడు పార్కు. ప్రేక్షకులు నిలబడే కాంక్రీటు మెట్లు చెట్ల మధ్య అలాగే ఉన్నాయి.

డంబార్టన్ పొరుగునే ఉన్న క్లైడ్‌బ్యాంక్ కథ ఇంకాస్త చిక్కుముడి. 1964లో ఫాల్కిర్క్ ఊరి ఈస్ట్ స్టర్లింగ్‌షైర్ క్లబ్బును యజమానులు అమాంతం ఎత్తి క్లైడ్‌బ్యాంక్‌కు తరలించి అక్కడి జట్టులో కలిపేశారు. అభిమానులు కోర్టుకెక్కారు, గెలిచారు, క్లబ్బును ఏడాదికి వెనక్కి తెచ్చుకున్నారు. ఫుట్‌బాల్ అభిమాని కోర్టులో గెలవడం అరుదు కాబట్టి ఇది రాసి పెట్టుకోదగ్గది. ఖాళీ అయిన క్లైడ్‌బ్యాంక్‌లో 1965లో కొత్త క్లబ్బు పుట్టి అగ్రశ్రేణి దాకా ఎదిగింది. 1996లో దాని మైదానం అమ్ముడుపోయింది, అక్కడ దుకాణాలు వెలిశాయి. ఇల్లు పోయిన క్లబ్బు కొన్నాళ్లు డంబార్టన్ వాళ్ల బోగ్‌హెడ్‌లోనే అద్దెకు తలదాచుకుంది. ఇంటాయనకు కూడా ఆ ఇల్లు ఎంతోకాలం ఉండబోదని అప్పటికి తెలియదు. 2002లో ఎయిర్‌డ్రియోనియన్స్ దివాలా తీసింది. ఆ క్లబ్బు ఊరివాళ్లు అప్పుల్లో ఉన్న క్లైడ్‌బ్యాంక్‌ను కొని, దాని లీగ్ స్థానాన్ని తమ ఊరికి పట్టుకుపోయి పేరు మార్చుకున్నారు. 1964లో ఒక ఊరి క్లబ్బును తెచ్చుకున్న ఊరికే 2002లో ఆ శాస్తి జరిగింది. క్లైడ్‌బ్యాంక్ అభిమానులు మరుసటి ఏడు అట్టడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టారు.

నేల తర్వాతి భయం ఆపద్బాంధవుడు. చిన్న క్లబ్బు అభిమాని ఎప్పుడూ ఒక డబ్బున్న మనిషి కోసం ఎదురుచూస్తుంటాడు. రాకపోవడం ఒక కష్టం, రావడం మరో కష్టం. ఇంగ్లండ్ సరిహద్దులో మూడు వేల జనాభా ఉన్న గ్రెట్నా ఊరికి అలాంటి మనిషి, బ్రూక్స్ మైల్సన్, నిజంగానే వచ్చాడు. ఇంట్లో చెప్పకుండా పారిపోయి వచ్చిన జంటలకు పెళ్లిళ్లు చేయడంలో గ్రెట్నాకు శతాబ్దాల పేరుంది. క్లబ్బుకు కుదిరిన సంబంధం కూడా అలాగే ముందూ వెనుకా చూడనిదైంది. 2005, 2006, 2007 వరుసగా మూడు టైటిళ్లు, మూడు మెట్లు. 2006లో స్కాటిష్ కప్పు ఫైనల్లో పెనాల్టీల దాకా వెళ్లి హార్ట్స్ చేతిలో ఓడింది. అగ్రశ్రేణికి చేరాక సొంత మైదానం ప్రమాణాలకు సరిపోలేదు, ‘సొంతగడ్డ’ మ్యాచ్‌లు దాదాపు అన్నీ ఎక్కడో మదర్‌వెల్‌లో ఆడారు. ఒక మ్యాచ్‌కు 431 మంది వచ్చారు. 2008లో మైల్సన్ జబ్బు పడ్డాడు, డబ్బు ఆగింది, నెలల్లో క్లబ్బు మూతపడింది. ఆ నవంబరులో ఆయనా కన్నుమూశాడు. ఒక మనిషి ఆరోగ్యం మీద ఒక ఊరి క్లబ్బు ఊపిరి ఆధారపడటం ఎంత ప్రమాదమో తెలిశాక, అభిమానులే ఊరికో కొత్త క్లబ్బు పెట్టుకున్నారు.

ఆపద్బాంధవులతో పని లేకుండా క్లబ్బును తామే కొనుక్కునే మార్గం ఇంకొకటుంది. 2010లో స్టర్లింగ్ ఆల్బియన్‌ను అభిమానుల సంఘం కొన్నది. దీనివల్ల వచ్చిన ముఖ్యమైన మార్పు, యాజమాన్యాన్ని తిట్టాలనుకున్న అభిమాని అద్దం ముందు నిలబడవలసి రావడం.

2012లో రేంజర్స్ కంపెనీ దివాలా తీసినప్పుడు చిన్న క్లబ్బుల పాత్ర తిరగబడింది. కొత్త కంపెనీ కింద వచ్చిన రేంజర్స్ పాతదేనా, వేరా అన్న ప్రశ్నకు గ్లాస్గోలో జవాబు చెప్పకపోవడం ఆరోగ్యానికి మంచిది. పై డివిజన్ తీసుకోనంది. కింది డివిజన్ల 30 క్లబ్బులు ఓటు వేసి, 25 ఓట్లతో దాన్ని అట్టడుగు డివిజన్‌కు పంపాయి. పెద్దన్న కింద పడితే ఆట మొత్తం ఆర్థికంగా కూలుతుందని భయపెట్టినా వినలేదు. ఫలితం, పల్లె మైదానాలకు పెళ్లి జనం. ఎల్గిన్‌లో పట్టే జనం కన్నా ఎక్కువ టికెట్లు అమ్మేసి, మ్యాచ్ వాయిదా వేయాల్సి వచ్చింది. స్టర్లింగ్ ఆల్బియన్ మేనేజర్ తన పెళ్లి పీటల మీద ఉన్న రోజున అతని జట్టు రేంజర్స్‌ను 1-0తో ఓడించింది. నాలుగేళ్లలో రేంజర్స్ పైకి వెళ్లిపోయింది. విస్తళ్లు ఎత్తేసిన పందిరిలో చిన్న క్లబ్బులు మళ్లీ లాటరీ టికెట్లు అమ్ముకున్నాయి.

2024 శరత్కాలంలో నెల తేడాతో రెండు క్లబ్బులు అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లాయి. అంటే అప్పులవాళ్ల నుంచి రక్షణ పొంది, కోర్టు మనుషుల చేతికి తాళాలు ఇవ్వడం. మొదటిది ఇన్వర్నెస్, 2015లో స్కాటిష్ కప్పు గెలిచిన జట్టు. ఖర్చు తగ్గుతుందని సాధన శిబిరాన్ని వంద మైళ్లకు పైగా దూరంలోని కెల్టీకి మార్చబోయి, అభిమానుల కోపం చూసి విరమించుకున్న కొద్ది నెలలకే ఈ ముచ్చట. రెండోది డంబార్టన్. స్థలాల అమ్మకం కింద రావలసిన సొమ్ము చేతికి రాకపోవడమే కారణమని చెప్పారు. కథ మళ్లీ నేల దగ్గరికే వచ్చింది. లీగ్ నిబంధన ప్రకారం రెండింటికీ 15 పాయింట్లు కోసేశారు. డబ్బు లేనివాడి దగ్గర జప్తు చేయడానికి పాయింట్లయినా ఉన్నాయి. మూలిగే నక్క మీద తాటిపండు పడితే నక్క అరుస్తుంది, డంబార్టన్ అభిమాని మాత్రం విరాళాల డబ్బా పట్టుకుని వీధుల్లోకి వెళ్లాడు. ఇన్వర్నెస్ నిలదొక్కుకుంది. డంబార్టన్ ఆ సీజన్‌లో అట్టడుగున నిలిచి నాలుగో డివిజన్‌కు దిగింది. 2025లో ఒక కెనడా వ్యాపారి క్లబ్బును కొన్నాడు. అభిమానులు సంతోషించారు, స్థలం కాగితాలు కూడా చూశారు.

నాలుగో డివిజన్ కింద నేల లేదు. 2015 నుంచి అక్కడ చివర నిలిచిన జట్టు కింది లీగుల విజేతతో ఆడి స్థానం నిలుపుకోవాలి. వైకుంఠపాళిలో పాము నోరు ఆట సేపే భయపెడుతుంది, ఇక్కడ దాన్ని ఏడాదంతా పట్టికలో చూస్తూనే ఉండాలి. 2016లో ఈస్ట్ స్టర్లింగ్‌షైర్ జారింది, అలెక్స్ ఫెర్గూసన్ 1974లో మేనేజర్‌గా ఓనమాలు దిద్దిన క్లబ్బు అది. 2019లో బెర్విక్, 2021లో బ్రెచిన్, 2022లో కౌడెన్‌బీత్, 2023లో ఆల్బియన్ రోవర్స్ వెనకే వెళ్లాయి. 2025 దాకా ఒక్కటీ తిరిగి రాలేదు.

స్కాట్లండ్ వెళ్లే తెలుగువాళ్లకు ఒక మాట. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్‌లో రైలెక్కి డంబార్టన్ ఈస్ట్‌లో దిగితే స్టేడియానికి నడిచి వెళ్లవచ్చు. దారి ఎవరినీ అడగక్కర్లేదు, కొండ కనిపిస్తూనే ఉంటుంది. ముందుగా టికెట్టు తీసుకోకపోయినా ఫరవాలేదు. సీటు దొరుకుతుంది.