నోరు మెదపకుండా ఫ్రెంచి డిగ్రీ

ఇంగ్లండులో పుట్టావు నాయనా, ముందు ఆ అదృష్టాన్ని గుర్తించు. 2004 నుంచి మీ దగ్గర పద్నాలుగేళ్లు నిండినవాడు పరాయి భాష చదివి తీరాలన్న నిర్బంధం లేదు. ఆ పుస్తకాన్ని ఎంత తొందరగా అటకెక్కిస్తే అంత మంచిది. "నా పేరు ఫలానా, మా పిల్లి నల్లది" అనేంతవరకు వస్తే జీవితాంతం సరిపోతుంది.

తీరా యూనివర్సిటీకొచ్చాక ఫ్రెంచి మీద మనసైతే కంగారుపడకు. ఓనమాల నుంచి నేర్పే కోర్సులున్నాయి. స్పానిష్ ఇంకా మేలు. 2019లో బడి చివరి పరీక్ష ఏ-లెవెల్ రాసినవాళ్ల లెక్కలో అది ఫ్రెంచిని దాటేసింది, మందలో కలిసిపోవచ్చు. జర్మన్ జోలికి మాత్రం పోకు. క్లాసులో నలుగురే ఉంటే మాస్టారి ప్రశ్న నీదాకా రాక మానదు.

అసలు గండం మూడో ఏడు. నువ్వు చదివే భాష మాట్లాడే దేశంలో ఉండి రమ్మంటారు. బ్రెగ్జిట్ పుణ్యమా అని 90 రోజులు దాటితే వీసా కావాలి కాబట్టి, ముందు ఆ వంకతో తప్పించుకోజూడు. తప్పకపోతే లియోన్‌లో మీ ఊరివాళ్లు ముగ్గురితో కలిసి అద్దెకు దిగు. రొట్టెల కొట్టులో ఇంగ్లీషే మాట్లాడు, అర్థం కాకపోతే అదే మాట ఇంకాస్త గట్టిగా అను. నీ యాస చెవిన పడగానే వాళ్లే ఇంగ్లీషులోకి దిగుతారు. ఆ మర్యాదను కాదనకు. వ్యాసాలంటావా, ఫోను ఉందిగా.

హాస్టల్ వంటగదిలో మాత్రం జాగ్రత్త. ఎమ్మెస్సీకి వచ్చిన గుంటూరు కుర్రాడొకడు అక్కడ తగులుతాడు. ఫోనులో అమ్మతో తెలుగు, పక్కగది పంజాబీతో హిందీ, నీతో ఇంగ్లీషు. మూడింటిలోనూ తప్పులు చేస్తాడు, ఒక్కదానికీ సిగ్గుపడడు. అది అంటువ్యాధి.

మీవాడొకడు ఇలాగే చెడిపోయాడు. సి.పి. బ్రౌన్ 1817లో ఈస్టిండియా కంపెనీ కొలువుకని మద్రాసులో దిగాడు. పరీక్ష గట్టెక్కడానికి నాలుగు ముక్కలు నేర్చుకుని ఊరుకోవచ్చుగా! ఊరుకోలేదు. కడపలో పండితుల్ని పెట్టుకుని, జీతాలిచ్చి, తాళపత్రాలకు నకళ్లు రాయించాడు. వేమన పద్యాలు పోగేశాడు, నిఘంటువు కూర్చాడు, అప్పులపాలయ్యాడు. చివరికి రిటైరై ఇంటికెళ్లి కాలుమీద కాలేసుకుని టీ తాగాల్సిన వయసులో, లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ప్రొఫెసరుగా చేరాడు.