ప్లానింగ్ బావ

భూపాలపల్లి సింగరేణి కాలనీలో వాడకొక ప్లానింగ్ బావ ఉంటాడు. "బాగున్నవా బావా?" అంటే "ఈ నెల ఎనభై రెండు శాతం" అంటాడు. మిగతా పద్దెనిమిది మోకాళ్ల నొప్పి.

ఆయన తప్పేం లేదు. ఏడాది టార్గెట్ కొత్తగూడెం నుంచి దిగుతుంది. దాన్ని నెలకింత, రోజుకింత, షిఫ్టుకింత అని పంచిపెట్టడం ఈయన కొలువు. కాయితం మీద బొగ్గు ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. జూలైలో వాన పడి కాకతీయ ఖని ఓపెన్‌కాస్టులో డంపర్లు బురదలో నిలబడ్డాయా, జూలై బాకీ ఆగస్టు నెత్తిన, ఆగస్టుది సెప్టెంబరు నెత్తిన. పక్కనే చెల్పూరులో 1,100 మెగావాట్ల థర్మల్ ప్లాంటు ఆకలి మీదుంటుంది. సమ్మక్క జాతర వచ్చిన ఏడు మాఘంలో మస్టర్ దగ్గర ఈగలే, మనుషులంతా మేడారంలో. ఇక మార్చి 31 దాకా బావ నిద్రపోడు, ఇంట్లోవాళ్లనూ పోనివ్వడు.

కొత్తగూడెం అంకెను కదిలించలేడు గనుక కసి అంతా ఇంటి మీద తీర్చుకుంటాడు. బిడ్డ పెండ్లికి గోడ మీద గాంట్ చార్టు గీశాడు. హెన్రీ గాంట్ అనే అమెరికా ఇంజినీరు వందేళ్ల కింద ఫ్యాక్టరీల్లో వాడుకలోకి తెచ్చిన పట్టిక అది. పాపం, ఆయనకు మానుకోట అత్తలు తెలియరు. శుభలేఖల గీత సగంలో ఉండగానే అత్తగారు మిర్చి బస్తాతో దిగింది.

"అత్తమ్మా, నువ్వు పదో తారీకు గద రావాల్సింది?"

"మిరపకాయ ఎండినంక బయిలెల్లిన బిడ్డా. తారీకు జూసి ఎండుతదా అది?"

దేవుడి పటానికి ఇత్తడి మకరతోరణం కోసం జనగామ దగ్గరి పెంబర్తి పోయాడు. అక్కడొక పెద్దాయన లక్క మీద రేకు పరిచి, ఉలితో పువ్వు తర్వాత పువ్వు లేపుతున్నాడు.

"ఒక్క పువ్వుకు సైకిల్ టైమ్ ఎంత పెద్దయ్యా?"

"మీరు మాట్లాడుడు బంజేసినంక జూసి చెప్త సారూ."

ఇంటికొచ్చి చార్టు చింపేసి, కొత్తదాని నెత్తిన 'రివైజ్డ్' అని రాశాడు. ఏ పని ఏ రోజు అయితే ఆ రోజే అందులో తారీకు పడుతుంది. ఆ లెక్కన పెండ్లి నూటికి నూరు శాతం.

విందు రోజు నడిమధ్యన గ్యాస్ అయిపోయింది. బావ చార్టులో సిలిండర్‌కు గీతే లేదు. అక్క మాటాడకుండా మంచం కింద నుంచి నిండు సిలిండర్ దొర్లించింది. బావ వెంటనే పెన్ను తీసి 'బఫర్ స్టాక్' అని కొత్త గీత గీసి, బాధ్యుడు అన్న గడిలో తన పేరు రాసుకున్నాడు.