ముందు సభ్యుల్ని చేర్చుకోవడం ఆపండి

రోల్‌ప్లే ఆటల క్లబ్బు పెడతానన్నవాళ్లకి అందరూ చెప్పేది ఒకటే: పోస్టర్ వెయ్యి, వాట్సాప్ గ్రూపు పెట్టు, దొరికినవాళ్లందరినీ చేర్చెయ్యి. నేను దీనికి పూర్తిగా ఎదురు చెప్తాను. గ్రూపులో పేర్లు ఎనభై ఉంటాయి, ఆదివారం వచ్చేది పన్నెండు మంది, ఆట నడపగలిగింది ఒక్కరు. ఐదుగురికి బల్ల దగ్గర చోటు దొరుకుతుంది. మిగతావాళ్లు కుర్చీల వెనక నిలబడి గంటసేపు చూసి, టీ తాగి, మెట్రో ఎక్కుతారు. వాళ్లు మళ్లీ రారు. మొదటిరోజు ఆడకుండా ఇంటికెళ్లిన మనిషిని రెండోసారి రప్పించడం చాలా కష్టం.

ఈ ఆట ఎరగనివాళ్ల కోసం రెండు ముక్కలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథాలోకాన్ని నడుపుతారు. ఆ మనిషిని డంజియన్ మాస్టర్ అనీ, పొట్టిగా డీఎం అనీ అంటాం. మిగతావాళ్లవి ఒక్కో పాత్ర. ‘గుహలోకి వెళ్తున్నా’ అని ఒకరంటే లోపల ఏముందో డీఎం చెప్తారు. పని అవుతుందా కాదా అన్న చోట ఇరవై ముఖాల డైస్ తేలుస్తుంది. కాబట్టి క్లబ్బు బలాన్ని డీఎంలతో లెక్కపెట్టండి. ముగ్గురుంటే పదిహేను మందికి ఆట ఉన్నట్టు. ఒక్కరే ఉంటే ఆ మనిషికి జ్వరం వచ్చిన ఆదివారం క్లబ్బుకీ సెలవే. ముగ్గురు తయారయ్యేదాకా పోస్టర్ వెయ్యకండి, ఎవరు అడిగినా ‘కొన్నాళ్లు ఆగండి’ అని నిర్మొహమాటంగా చెప్పండి.

డీఎంలు ఆడేవాళ్లలోంచే తయారవుతారు. ఈ ఆట పుట్టిందే అలా. డేవ్ ఆర్నెసన్ 1972లో అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరికి వెళ్లి, తన బ్లాక్‌మూర్ ఆటని గారీ గైగాక్స్ ముందు నడిపి చూపించాడు. ఆ బల్ల దగ్గర ఆటగాడిగా కూర్చున్న గైగాక్స్ తర్వాత తనే సొంతంగా నడపడం మొదలుపెట్టాడు. ఇద్దరి పనీ కలిసి 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌గా అచ్చయింది, మొదటి ముద్రణ వెయ్యి పెట్టెలు. ఆడినవాడే నడిపేవాడయ్యాడు. ఆ పెట్టెలోని మొదటి పుస్తకంలో ఒక క్యాంపెయిన్‌కి, అంటే వారాల తరబడి సాగే కథకి, నలుగురి నుంచి యాభై మంది దాకా ఉండొచ్చని రాశారు. ఆ అంకె చూసి మోసపోకండి. నలుగురు చాలు, ఐదుగురు మంచిది. ఆరో మనిషి వచ్చాడంటే ఒక్కొక్కరి వంతు రావడానికి పావుగంట పడుతుంది, ఈలోగా అందరి చేతుల్లోకీ ఫోన్లొస్తాయి.

ఇక రెండో ఎదురు సలహా: మీ దగ్గర అద్భుతంగా నడిపే డీఎం ఉంటే ఆ మనిషిని నెలకి ఒక ఆదివారం నడపకుండా ఆపెయ్యండి. ఆ రోజు ఆటగాడిగానే కూర్చోబెట్టండి. అందరూ ఆయన బల్లే కావాలంటారు, ఆయన కూడా మొహమాటపడి ఒప్పుకుంటాడు, ఏడాది తిరిగేసరికి విసిగిపోయి మానేస్తాడు. గైగాక్స్ అంతటివాడే తన గ్రేహాక్ ఆటని నడపడానికి రాబ్ కుంట్జ్‌ని జోడీగా పెట్టుకున్నాడు. దాంతో తనూ మోర్డెన్‌కైనెన్ అనే మాంత్రికుడి పాత్ర కట్టుకుని ఆడుకోగలిగాడు.

ఆపిన ఆదివారం నడపాల్సింది ఎవరంటే, క్లబ్బులో కొత్తగా ఉత్సాహంగా ఉన్న మనిషి. రూల్సన్నీ వచ్చేదాకా ఆగమనకండి. ఒక ఊరు, తప్పిపోయిన ఒక మనిషి, పాడుబడ్డ ఒక గుడి ఇచ్చి రెండు గంటల్లో ముగించమనండి. పాత డీఎం పక్కనే ఆటగాడిగా కూర్చోవాలి, నోరు మాత్రం మెదపకూడదు. రూలు తప్పు చెప్పినా సరే, ఆట అయ్యాక చెప్పొచ్చు.

మా బల్ల దగ్గర ఒక బీటెక్ అమ్మాయి మొదటిసారి నడిపిన ఆట చెప్తాను. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల ఆటలు చూసి నేర్చుకుంది కాబట్టి అంతా ఇంగ్లిష్‌లోనే, కాగితం చూసి చదువుతున్నట్టు చెప్తోంది. వినేవాళ్లు బుద్ధిగా వింటున్నారు, అంతకు మించి ఏమీ లేదు. ఇంతలో ఒకడు ఎడ్లబండి ధర అడిగాడు. పుస్తకం తిరగేసింది, దొరకలేదు. చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకం మూసేసి, గొంతు మార్చి, ‘రెండు వరహాలు. ఎడ్లు గావాల్నంటే అలగ్ పైసలు’ అంది. బల్ల మీద ఒక్కసారి నవ్వు లేచింది. ‘గింత పాత బండికి రెండు వరహాలా? ఒకటిస్త, నడుస్తదా?’ అని అవతలివాడు. చక్రం ఊగుతోందని ఒకరు, ఎడ్ల పళ్లు చూపించమని ఇంకొకరు. పది నిమిషాలు బేరం నడిచింది. ఆ రోజంతా మిగిలిన కథ తెలుగులోనే సాగింది. ఆ అమ్మాయి ఇప్పుడు మా దగ్గర నడిపేవాళ్లలో ముందు వరసలో ఉంది.

అందుకే రూల్సు ఇంగ్లిష్‌లో ఉన్నాయి కాబట్టి ఆటా ఇంగ్లిష్‌లోనే ఆడాలన్న మాట వినకండి. హిట్ పాయింట్స్, ఇనీషియేటివ్, స్పెల్ స్లాట్ అన్నవి అలాగే ఉండనివ్వండి, వాటికి తెలుగు వెతకడం దండగ. పాత్రలు మాత్రం వాళ్లింట్లో మాట్లాడే భాషలో మాట్లాడాలి. శ్రీకాకుళం నుంచి వచ్చినవాడి కిరాయి యోధుడు శ్రీకాకుళం యాసలోనే బెదిరించాలి. మాంత్రికులకీ కోటలకీ మనకి కరువా? దాసరి సుబ్రహ్మణ్యం గారు చందమామలో రాసిన తోకచుక్క, రాకాసి లోయ, పాతాళదుర్గం, శిథిలాలయం ఉన్నాయి, వాటికి చిత్రా గారు వేసిన బొమ్మలున్నాయి. డీఎం అయినవాళ్లు చదవాల్సిన మొదటి పాఠ్యపుస్తకాలు అవే అని నా గట్టి నమ్మకం. ప్రతి అధ్యాయం చివర ఎవరో ఒకరు ప్రమాదపు అంచున ఆగిపోతారు. సెషన్ ఎక్కడ ఆపాలో ఇంతకంటే బాగా నేర్పే చోటు నాకు కనిపించలేదు.

పుస్తకాలు కొనకండి. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాలు 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ ఉచితం. ఆ డబ్బుతో రెండు మూడు సెట్ల డైస్, ఒక వైట్‌బోర్డు, పెన్సిళ్లు కొనండి. కొత్తవాళ్ల చేత పాత్ర వివరాలు రాసే క్యారెక్టర్ షీట్ నింపించకండి, నింపినవి ఇచ్చి కూర్చోబెట్టండి.

కథలు త్వరగా ముగించండి. రెండేళ్ల క్యాంపెయిన్ అని మొదలుపెట్టినవి నాలుగో నెలలో చప్పుడు చెయ్యకుండా ఆగిపోతాయి. ఆరు సెషన్లు అని ముందే చెప్పి, ఆరోదాంట్లో రాక్షసుణ్ని చంపనివ్వండి. ఒకరు రాలేదని ఆట వాయిదా వెయ్యకండి, ఇద్దరొచ్చినా ఆడండి. వాయిదా రెండుసార్లు పడిందంటే మూడోసారి ఎవరూ అడగరు కూడా.

గొడవలొస్తే ఓటింగు పెట్టకండి. ఇది ప్రజాస్వామ్యానికి విరుద్ధంగా వినిపిస్తుందని తెలుసు. ఒక అమ్మాయి ఇబ్బంది పడింది, ఫలానావాడి మాటలు హద్దు దాటాయి అంటే పదిమంది ముందు ఆమెని నిలబెట్టి అడగడం రెండో అవమానం. క్లబ్బు నడిపే ఇద్దరు, అందులో ఒకరు తప్పకుండా ఆడమనిషి, విని అదే వారం నిర్ణయం తీసుకోవాలి. ఆట మొదలుపెట్టే ముందే ఏ విషయాలు కథలోకి రాకూడదో అడిగి రాసుకోవాలి. జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డు బల్ల మధ్యలో పెట్టండి. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ సన్నివేశం అక్కడితో వదిలెయ్యాలి, ఎందుకని అడగకూడదు. ఇంటికెళ్లే దారి కూడా భద్రంగా ఉండాలి కాబట్టి ఆట రాత్రి ఎనిమిదికల్లా ముగియాలి. హైదరాబాద్‌లో అయితే రెండు మెట్రో లైన్లు కలిసే అమీర్‌పేట చుట్టుపక్కల చోటు చూసుకోండి. ఎల్బీనగర్ నుంచీ నాగోల్ నుంచీ బండి మారకుండా రావచ్చు.

కమ్యూనిటీ హాలు అడిగేటప్పుడు డైస్ దాచకండి, ముందు అవే చూపించండి. అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు అడిగే మొదటి ప్రశ్న, ‘డబ్బులు పెట్టి ఆడతారా?’ ఆ ప్రశ్న న్యాయమైనదే. జూదాన్ని అరికట్టే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చిందీ ఈ ఆట అచ్చయిన 1974లోనే. తెలంగాణ 2017లో దాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్నీ అందులోకి తెచ్చింది. కాబట్టి పందేలు, బహుమతి సొమ్ము, టోర్నమెంటు ఫీజు అన్న మాటే వద్దు. హాలు అద్దె, టీ ఖర్చు తలా ఇంత అని పంచి, లెక్క గోడకి అంటించండి. సెక్రటరీ గారిని పిలిచి ఒక ఆట ఆడించండి. పెద్దవాళ్లు దొంగ పాత్రని ఎంత ఇష్టంగా ఎంచుకుంటారో చూడండి.

ఆన్‌లైన్ విషయంలో అందరూ చెప్పే సలహా ప్రమాదకరమైనది: రాలేనివాళ్ల కోసం బల్ల మీద ఒక ల్యాప్‌టాప్ పెట్టండి అంటారు. పెట్టకండి. గదిలో నలుగురు ఒకేసారి నవ్వితే అవతల వినిపించేది హోరు మాత్రమే. ఆ మనిషి అరగంటకి మ్యూట్ చేసుకుని తన పని తను చూసుకుంటాడు. బల్ల ఆట బల్ల మీదే ఆడాలి, ఆన్‌లైన్ ఆటకి అందరూ ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చోవాలి. ఉద్యోగాల కోసం డల్లాస్ వెళ్లినవాళ్లకి వేరే జట్టు కట్టండి, మాటలకి డిస్కార్డ్, మ్యాపుకి రోల్20 చాలు. ఇక్కడ శనివారం ఉదయం ఎనిమిదంటే వేసవిలో అక్కడ శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర, పిల్లలు పడుకునే వేళ. నవంబర్‌లో వాళ్లు గడియారం మార్చగానే అది ఎనిమిదిన్నర అవుతుంది, మార్చిలో మళ్లీ మొదటికొస్తుంది. ఈ రెండు తేదీలూ ముందే గ్రూపులో పెట్టకపోతే ఆ వారం సగంమంది ఖాళీ గదిలో కూర్చుంటారు.

ఇవన్నీ చేశాక జనం వస్తారు, ఆపినా వస్తారు. డీఎంలు ఏడెనిమిది మంది అయినప్పుడు పెద్ద హాలు వెతక్కండి, క్లబ్బుని చీల్చండి. కూకట్‌పల్లి వైపు వాళ్లకి ఒకటి, ఎల్బీనగర్ వైపు వాళ్లకి ఒకటి. డైస్ సగం, పెన్సిళ్లు సగం పంచండి. విడిపోయే జట్టుతో మీ దగ్గర అందరికంటే బాగా నడిపే డీఎంని పంపండి. కొత్తగా నేర్చుకున్నవాళ్లని మాత్రమే పంపితే నాలుగు వారాల్లో అందరూ మళ్లీ మీ గుమ్మంలోనే ఉంటారు.