అకారాది క్రమశిక్షణ

సాఫ్ట్‌వేర్ నాణ్యత ఎక్కడుంటుందో మన టీములు ఎట్టకేలకు కనిపెట్టాయి. ఫైలు నెత్తిన, ఇంపోర్ట్ లైన్లలో ఉంటుందట. ‘ఇంపోర్ట్ సిస్’ కంటే ‘ఇంపోర్ట్ ఓఎస్’ ఒక లైను పైన ఉంటే ఆ కోడ్ సంస్కారవంతం. కింద ఉంటే అనాగరికం. ఎలా రాసినా ప్రోగ్రాం ఒకేలా నడుస్తుంది కదా అని ఎవరైనా గొణిగితే, వాళ్ళకు డిసిప్లిన్ లేదన్నమాట.

పైథాన్‌లో ఈ ఆచారానికి మూలం 2001 నాటి శైలి మార్గదర్శి పెప్ 8. స్టాండర్డ్ లైబ్రరీ ముందు, బయటి ప్యాకేజీలు తరవాత, మన సొంత మాడ్యూళ్ళు ఆఖరున, మధ్యలో ఒక్కో ఖాళీ లైను. అచ్చం పెళ్ళి బంతి భోజనాలే: వియ్యాలవారు లేచాక ఊళ్ళోవాళ్ళు, అందరూ తిన్నాక ఇంటివాళ్ళు. ఇంతవరకూ బాగానే ఉంది. ఏ బంతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో, అంటే గుంపు లోపల అకారాది క్రమం సంగతి, పెప్ 8 ఒక్క ముక్కా చెప్పలేదు. పైగా గుడ్డిగా ఏకరూపతను పట్టుకు వేలాడొద్దని మొదట్లోనే హెచ్చరించింది. అంత దూరం చదివే ఓపిక ఎవరికుంది? 2013లో ఐసార్ట్ అనే టూల్ వచ్చి ఆ లోటు పూడ్చింది. 2022లో రఫ్ అనే లింటర్ వచ్చి అదే పని రెప్పపాటులో చేసిపెడతానంది.

చేసిపెడుతుందా, చేయించుకుంటుందా? అక్కడే ఉంది తిరకాసు.

బిల్లులో జీఎస్టీ రెండుసార్లు కలుస్తోందని రాత్రి పదింటికి ఫోన్లు మొదలవుతాయి. ఒక అమ్మాయి కూర్చుని, తప్పు పట్టుకుని, మూడు లైన్లలో సరిచేసి పీఆర్ పెడుతుంది. టెస్టులన్నీ పచ్చగా వెలుగుతాయి. చివర్న ఒక్క ఎర్ర గుర్తు: ఐ001, ఇంపోర్ట్ బ్లాకు వరసలో లేదు. తను కొత్తగా చేర్చిన ‘డెసిమల్’ వెళ్ళి ‘డేట్‌టైమ్’ పైన కూర్చుంది. ఇంకేముంది, మెర్జ్ బటన్ పనిచేయదు. ఆమె రెండు లైన్లు అటూ ఇటూ మార్చి, మళ్ళీ కమిట్ కొట్టి, సీఐ మొదటి నుంచి నడిచేదాకా కస్టమర్లు రెండేసి పన్నులు కడుతూ ఉండాల్సిందే.

ఇక్కడో ధర్మసందేహం. వరస తప్పిందని యంత్రానికి తెలుసు. సరైన వరసేమిటో కూడా తెలుసు, అడిగితే తేడా గీసి మరీ చూపిస్తుంది. ‘ఫిక్స్’ అని ఒక్క మాట తగిలిస్తే తనే సర్దేస్తుంది. అన్నీ తెలిసినది చేతులు కట్టుకుని నిలబడి, అర్ధరాత్రి మనిషి చేత సర్దిస్తుంది. దీనికి మనం పెట్టుకున్న పేరు ఆటోమేషన్!

పోనీ, వరస మీద ఇంత పట్టింపున్న ఈ పెద్దమనిషి, వరస నిజంగా ముఖ్యమైన చోట ఏం చేస్తాడో చూద్దాం. విండోస్‌లో సీ ప్లస్ ప్లస్ రాసేవాళ్ళకు తెలుసు: ‘విన్‌సాక్2.హెచ్’ను ‘విండోస్.హెచ్’ కంటే ముందు చేర్చాలి. లేదంటే విండోస్.హెచ్ మామూలుగా పాత విన్‌సాక్‌ను వెంటేసుకొస్తుంది. ఒకే పేరును రెండుసార్లు నిర్వచించారంటూ కంపైలర్ గగ్గోలు పెడుతుంది. కానీ ఇంగ్లిష్ అక్షరాల్లో ‘డి’ ముందు, ‘ఎస్’ తరవాత. రెండూ ఒకే గుంపులో ఉన్నాయా, అక్కడి ఫార్మాటర్ క్లాంగ్ ఫార్మాట్ ఎంతో శ్రద్ధగా విండోస్.హెచ్‌నే పైకెక్కిస్తుంది. జీవెంట్ లైబ్రరీ వాడే పైథాన్ వాళ్ళ గోడూ ఇదే. మంకీ ప్యాచింగ్ ఫైలు మొదట్లోనే జరిగిపోవాలి, మిగతా ఇంపోర్ట్‌లు ఆ తరవాతే రావాలి. అలా రాస్తే, ఇంపోర్ట్‌లన్నీ పైనే ఉండాలి కదా అని ఈ402 అనే లింటర్ రూలు కేకేస్తుంది. దాని నోరు మూయించడానికి లైను లైనుకూ ‘నోక్యూఏ’ అని రాసుకుంటూ పోవాలి. వరసతో పనిలేని చోట చండశాసనం, వరసే ప్రాణమైన చోట అమాయకత్వం.

లింటర్ వస్తే వాదనలు ఆగుతాయన్నారు. ఆగలేదు, సెట్టింగుల ఫైలులోకి కాపురం మార్చాయి. కాన్‌స్టంట్లు ముందా, క్లాసులు ముందా? ‘ఫ్రమ్’ లైన్లు విడిగానా, కలిపా? పేరు పొడుగును బట్టి వరసపెట్టే ఆప్షన్ కూడా ఐసార్ట్‌లో ఉంది. దాని మీద ఒక మీటింగు. గో భాష వాళ్ళు తెలివిగా తమ ఫార్మాటర్ గోఎఫ్ఎంటీకి శైలి సెట్టింగులే పెట్టలేదు. వాదించడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి పాపం, ప్రోగ్రాములు రాసుకుంటున్నారు.

వరసే వద్దని ఎవరూ అనడం లేదు. క్రమంలో ఉంటే ఒకే ఇంపోర్ట్ రెండుసార్లు రాసినప్పుడు ఇట్టే కనబడుతుంది. అందరూ జాబితా చివరే తగిలించరు కాబట్టి మెర్జ్ గొడవలూ తగ్గుతాయి. అంత మంచి పనిని పూర్తిగా యంత్రానికే అప్పజెప్పొచ్చుగా? ఫైలు సేవ్ చేసినప్పుడో, కమిట్‌కు ముందో అదే సర్దుకోవాలి. పాత కోడంతా ఒకేసారి సర్దాలంటే ఒక్క కమిట్‌లో కానిచ్చి, ఆ కమిట్‌ను గిట్ బ్లేమ్ వదిలేసే జాబితాలో రాయండి. 2019 నుంచీ ఆ సదుపాయం ఉంది. లేకపోతే సర్దినవాడే ఆ లైన్లన్నిటికీ కర్త అయి కూర్చుంటాడు.

అయినా సరే, రివ్యూలో ఇంపోర్ట్‌ల దగ్గర కోడిగుడ్డు మీద ఈకలు పీకాలని చెయ్యి దురదపెడితే, దయచేసి కాస్త కిందికి స్క్రోల్ చేయండి. కోడ్ అక్కడుంది. జీఎస్టీని రెండోసారి కలిపిన లైనూ అక్కడే ఉండేది. ఆ రోజు రివ్యూ చేసినాయన, పైన ఖాళీ లైను ఒకటి తగ్గిందని కామెంట్ రాసి, అది సరిచేయగానే ఆమోదముద్ర వేసేశాడు.