బండారి కాపలా

కొమురవెల్లి మల్లన్న జాతరలో నా ముఖానికి పసుపు అంటని ఆదివారం లేదు. నేను యూవీ ఫిల్టర్‌ను. 67 మిల్లీమీటర్ల రింగులో కూర్చున్న చదును గాజును. లెన్సు మూతి దగ్గరి మరలకు తిప్పి బిగిస్తారు నన్ను. ఫిల్ము రీళ్ల కాలంలో మా వాళ్లకు అసలు పని ఉండేది. దూరపు కొండలను తీస్తే అతినీలలోహిత కిరణాల వల్ల ఫిల్ము మీద పరుచుకునే నీలి మసకను ఆపేవాళ్లు. డిజిటల్ కెమెరా ఆ కిరణాలను తనే ఆపుకుంటోంది. నాకిక మిగిలింది కాపలా కొలువే. చిన్న కొలువని చిన్నబుచ్చుకోను.

సంక్రాంతి తర్వాత తొలి ఆదివారం పట్నంవారం. హైదరాబాదు జనమంతా ఇక్కడే. ఒగ్గు డోళ్లు మోగుతుంటే, శివసత్తులు ఊగుతుంటే, గుప్పిళ్లకొద్దీ బండారి, అదే మల్లన్న పసుపు, గాలిలోకి లేస్తుంది. మొన్న మా ఫొటోగ్రాఫర్ వెంట వచ్చిన కుర్రాడు అంగీ కొసతో నన్ను తుడవబోయాడు.

"ఆగు తమ్మీ! ముందుగాల బ్లోయర్‌తోని ఊదు. పొడి మీద గుడ్డ వెట్టి రాస్తే గీతలు వడ్తయి."

"ఫిల్టరే గదనే అన్నా, వోతే ఇంకోటి కొనుక్కుందాం."

"కొనేదాక గీతల అద్దంల కెల్లి తీద్దామా?"

నా ముందుండే హుడ్ జాతి వేరు. గాజు లేని నల్ల ప్లాస్టిక్కు. పక్కనుంచి కొట్టే ఎండను ఆపి రంగులు వెలవెలబోకుండా చూస్తుంది. తోపులాటలో ఎవరి మోచెయ్యి తగిలినా తొలి దెబ్బ దానికే. దెబ్బల విషయంలో నాకంటే అదే నయం. నేను పగిలితే నా పెంకులే లెన్సును గీకొచ్చు. దుమ్ము దగ్గర మాత్రం దాని పప్పులుడకవు, ముందంతా తెరిచే ఉంటుంది మరి. చాలామంది దాన్ని వెనక్కి తిప్పి తగిలించుకుని ఫొటోలు తీస్తారు. గొడుగు చంకలో పెట్టుకుని వానలో తడవడమే అది.

మహాశివరాత్రి రాత్రి పెద్దపట్నం. పంచరంగుల పొడులతో నేలంతా పట్నమనే ముగ్గు వేస్తారు. చుట్టూ పెద్ద లైట్లు. అక్కడ నేనే అడ్డం. లెన్సులోంచి తిరిగొచ్చిన వెలుగు నా చదును గాజుకు తగిలి మళ్లీ లోపలికి పోతుంది. ఫొటోలో ఒక మూల లైటుంటే ఎదురు మూల దొంగ లైటొకటి తేలుతుంది. మంచి పూత ఉన్న గాజైతే తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. లైటు ఫ్రేములోనే ఉంటే హుడ్ మాత్రం ఏం చేస్తుంది? అందుకే పట్నం వేసినంతసేపూ మా ఫొటోగ్రాఫర్ నన్ను విప్పి డబ్బాలో పెడతాడు. రంగులు నేల మీద ఉన్నంతసేపూ భయం లేదు. జనం పట్నం తొక్కడానికి కదిలారో లేదో, "తమ్మీ, ఫిల్టర్ ఇటియ్యి, జల్ది" అంటాడు.