చల్లగాలి పుణ్యాత్ములు

అమెరికాలో పాత చిన్న విమానాల యజమానులను మించిన పర్యావరణ భక్తులు భూమ్మీదే కాదు, పదివేల అడుగుల ఎత్తులోనూ దొరకరు. ఒకాయన ముప్ఫై, నలభై ఏళ్ల నాటి బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా అమ్మకానికి పెట్టాడనుకోండి. ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో, రంగు ఎప్పుడు వేయించాడో చెప్పి, ఆపైన ఛాతీ విరుచుకుని ఇంకో మాట చెబుతాడు: ఏసీని ఆర్-134ఎ గ్యాస్‌కి మార్పించాం, ఓజోన్‌కు హాని లేదు. ఓజోన్ పొర కూడా ఆ మాట విని ఊపిరి పీల్చుకునే ఉంటుంది.

పెద్ద జెట్లకు ఈ బాధ లేదు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే విమానంలో మనల్ని చల్లబరిచేది గాలే. దాన్నే నొక్కి, వేడి తీసేసి, టర్బైన్‌లో వ్యాకోచింపజేస్తే చలి పుడుతుంది. బొనాంజా లాంటి చిన్న విమానంలో ఉండేది మాత్రం ఇంచుమించు కారు ఏసీయే. అందులో ఒకప్పుడు ఆర్-12 అనే గ్యాస్ ఉండేది. అది ఓజోన్‌ను తినేస్తోందని తేలాక 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. 1996 జనవరి 1 నుంచి అమెరికాలో ఏసీల కోసం దాని తయారీయే ఆగిపోయింది. దాంతో ధర కొండెక్కింది, దొంగ సరుకు దిగింది. మన యజమానులకు పర్యావరణ భక్తి కుదిరింది కూడా సరిగ్గా ఆ ధర కొండెక్కిన రోజుల్లోనే.

మార్పు సవ్యంగా చేయించేవాళ్లూ ఉన్నారు, కాదనను. పాత మినరల్ ఆయిల్ కొత్త గ్యాస్‌తో కలవదు. అది ఏ మూలో కూర్చుండిపోతే కంప్రెసర్ ఎండి పట్టేస్తుంది. అందుకే నూనె మార్చాలి, డ్రయ్యర్ మార్చాలి, ఓ-రింగులు మార్చాలి. కొత్త అణువు చిన్నది, పాత రబ్బరు గొట్టాల్లోంచి జారిపోతుంది. ప్రెషర్ ఎక్కువ కాబట్టి చిన్న కండెన్సర్ ఎండలో చేతులెత్తేస్తుంది. పైగా అది విమానం, మార్పుకు విమానయాన శాఖ ఆమోదం కావాలి. ఇంత ఖర్చెందుకని కొందరు ఎంచుకునే దారి మనకు బాగా తెలిసినదే: గ్యాస్ కొట్టించి స్టిక్కర్ అంటించడం. వచ్చే ఎండాకాలం మళ్లీ కొట్టించడం. ఏసీ గ్యాస్ పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో కారిందనే అర్థం. ‘గ్యాస్ అయిపోయింది సార్’ అనే మన మెకానిక్‌కీ, అమెరికా వాడికీ ఈ ఒక్క విషయంలో పూర్తి ఏకాభిప్రాయం.

అలా కారిన ఆర్-134ఎ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 1,400 రెట్లు. పాతది పదివేల రెట్ల పైమాటే కనుక, ఇది మేలు అనాలి. అందాం. అయితే యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్లలో దీనికీ చోటు లేదు. స్టిక్కర్ మీద జిగురు ఆరేలోపు కొత్త గ్యాస్ పాతదైపోయింది.

అసలు కథ రెక్కల్లోని పెట్రోల్ ట్యాంకుల్లో ఉంది. ఆర్-12ను కనిపెట్టిన బృందానికి పెద్ద థామస్ మిడ్గ్లీ, జనరల్ మోటార్స్ మనిషి. 1930లో రసాయన శాస్త్రవేత్తల సభలో ఆ గ్యాస్‌ను గుండెల నిండా పీల్చి, వదిలి, కొవ్వొత్తి ఆర్పి చూపించాడు: విషమూ కాదు, మండదూ. అంతకు ముందు 1921లో ఇంజన్లు టకటకలాడకుండా పెట్రోల్‌లో సీసం కలపవచ్చని కనిపెట్టిందీ ఈయనే. 1924లో విలేకరుల ముందు ఆ సీసపు ద్రవంతో చేతులు కడుక్కున్నాడు. అప్పటికే ఒకసారి సీసం ఒంటికెక్కి సెలవు మీద వెళ్లొచ్చిన మనిషి!

అమెరికా రోడ్ల మీద సీసపు పెట్రోల్ అమ్మకాన్ని చట్టం ఆపింది ఎప్పుడనుకున్నారు? అదీ 1996 జనవరి 1నే. మిడ్గ్లీ బిడ్డలిద్దరికీ ఒకే రోజు నిషేధం. కానీ సీసానికి విమానంలో మినహాయింపు దొరికింది. చిన్న పిస్టన్ విమానాలు తాగే పెట్రోల్‌లో నేటికీ లీటరుకు 0.56 గ్రాముల దాకా సీసం ఉండవచ్చు. బొనాంజా గంటకు యాభై లీటర్లకు పైగానే తాగుతుంది. అంటే గంట ప్రయాణానికి దాదాపు 30 గ్రాముల సీసాన్ని కింద ఉన్నవాళ్ల మీద చల్లుకుంటూ, పైన ఉన్న ఓజోన్‌ను కాపాడుతున్నారన్నమాట.

కాలిఫోర్నియాలో శాంటా క్లారా కౌంటీ తన విమానాశ్రయం ఒకదాని దగ్గరి పిల్లల రక్తంలో సీసం చూసి, 2022 జనవరి 1 నుంచి తన విమానాశ్రయాల్లో ఈ పెట్రోల్ అమ్మకం ఆపేసింది. అదే ఏడాది సీసం లేని ఒక ఇంధనాన్ని పిస్టన్ విమానాలన్నిటికీ వాడవచ్చని విమానయాన శాఖ ఆమోదించింది. అప్పుడు చూడాలి యజమానుల జాగ్రత్త! రంగు పోతుందేమో, ట్యాంకు సీలు ఉబ్బుతుందేమో, ఇంకా పరీక్షలు కావాలి, తొందరేముంది, 2030 దాకా గడువుందిగా అంటున్నారు. ఆ ఫిర్యాదుల్లో కొంత నిజం లేకపోలేదు. పాత నూనె మీద కొత్త గ్యాస్ కొట్టించిన రోజున మాత్రం ఇన్ని అనుమానాలు ఎవరికీ రాలేదు.