మూడు నిమిషాల మల్లన్న

ఒగ్గు పూజారులారా, చిందు భాగోతులారా, బైండ్లోళ్లారా! జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాల్లో గజ్జె కట్టే సమస్త మేళాలకూ తెలియజేయునది ఏమనగా: ఇకమీదట మీరు కళాకారులు కారు, బ్రాండ్లు.

ఈ చాటింపు నాది కాదు. మైకు దొరికిన ప్రతి చోటా నైపుణ్యాభివృద్ధి పెద్దమనుషులు చెబుతున్నదే నేను మోస్తున్నాను. నిన్ను నువ్వు అమ్ముకోవాలట. నీకో లోగో ఉండాలట. కార్డు మీద క్యూఆర్ కోడ్, రోజుకో రీలు తప్పవట. అన్నిటికంటే ముఖ్యంగా, నువ్వు ఏం చేస్తావో ముప్పై సెకన్లలో చెప్పగలగాలట. బీరప్ప పుట్టుక దగ్గర ఎత్తుకుని కామరాతి పెళ్లిదాకా రావడానికి రాత్రులకు రాత్రులు పట్టే మనిషికి ముప్పై సెకన్లిస్తే, డోలు మెడకు తగిలించుకునేలోపే గడువు తీరిపోతుంది.

ఊరూరా తిరిగి ఆడేవాడికి బేరం ఎట్లా కుదుర్చుకోవాలో చెప్పడమంటే, ఈ ప్రాంతంలో తాతకు దగ్గులు నేర్పడమే. ఇక్కడ మిరాశి అనే ఏర్పాటు ఒకటుండేది. మాదిగలకు చిందోళ్లు, గొల్లలకు మందహెచ్చులు, పద్మశాలీలకు కూనపులి వాళ్లు, గౌడులకు గౌడజెట్టీలు. ఎవరి ఆట ఎవరి వాడలోనో, ఏ మేళానిది ఏ ఊరో ముందే ఖరారు. అన్నదమ్ములు వేరుపడితే గిన్నెలూ గొడ్లతోపాటు ఊళ్లనూ పంచుకునేవాళ్లు. ఒకరి ఊళ్లో ఇంకొకరు గజ్జె కడితే కులపంచాయతీ పెట్టి దండుగ వేసేవాళ్లు. పోస్టరు లేదు, ప్రచారం లేదు. మేళం వచ్చి జాంబపురాణం ఎత్తుకుంటే కట్నం చదివించడం వాడకు తప్పదు. ఇంతకు మించిన కస్టమర్ లాయల్టీ ప్రోగ్రాం ఎవరి దగ్గరైనా ఉంటే చూపించండి.

అట్లాగని మిరాశికి కొబ్బరికాయలు కొట్టక్కర్లేదు. కులం గీసిన గీతల మధ్యే ఆట. కిరీటం, భుజకీర్తులు పెట్టుకుని రాత్రంతా రాజుగా నిలబడ్డవాడు తెల్లారితే గడప గడపకూ చేయి చాపాలి. ఆ ఏర్పాటు పోతే పోయింది, ఏడ్చేవాళ్లు తక్కువే. కానీ పోయిన చోట ఏం మొలిచిందన్నదే ఇప్పటి ముచ్చట.

మొదట కల్లం పోయింది. హార్వెస్టర్ దిగిన చేలోంచి వడ్లు సరాసరి కొనుగోలు కేంద్రానికి పోతాయి, పైసలు బ్యాంకులో పడతాయి. కల్లమే లేకపోతే కల్లం కాడ కట్నమెక్కడిది? ఆ తర్వాత 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లాను ముక్కలు చేశారు. మేడారమైతే భూపాలపల్లిలో మూడేళ్లు కూడా నిలవకుండా 2019లో ములుగు కిందికి పోయింది. మేళం తిరిగే ఊళ్లు నాలుగు జిల్లాల్లో, ఆధార్ కార్డు ఒక జిల్లాలో. ఉత్సవానికి పిలిచే ఆఫీసు మాత్రం ‘స్థానిక కళాకారులు’ అనే గడిలో టిక్కు పెట్టమంటుంది. తాత ముత్తాతలు ఆడిన ఊళ్లో మనవడు పరాయి జిల్లావాడు.

ఇప్పటి గిరాకీ సంగతి చూద్దాం. కథకు గిరాకీ లేదు, గేటుకు ఉంది.

జిల్లా కేంద్రంలో ఏదో ఒక ప్రారంభోత్సవం. అది వంతెనా, మరుగుదొడ్డా అన్నది మనకు అనవసరం. ఒగ్గు డోలు బృందం పొద్దున తొమ్మిదికల్లా రావాలని ఫోను. వస్తారు. పసుపు బట్టలు, కాళ్లకు గజ్జెలు, మెడలో డోలు. గేటుకు రెండు పక్కలా నిలబెడతారు. షామియానా లోపలివాళ్లకు, ఎండ వీళ్లకు. పదిన్నరకు ఒకాయన పరుగెత్తుకొచ్చి ‘వస్తున్నరు, వస్తున్నరు, కొట్టుండ్రి’ అంటాడు. కొడతారు. దిగింది తహసీల్దారు. పదకొండున్నరకు మళ్లీ ‘వస్తున్నరు’. ఈసారి మినరల్ వాటర్ డబ్బాల ఆటో. దానికీ శాస్త్రోక్తంగా స్వాగతం అందింది. రెండు దాటాక అసలు కాన్వాయ్ వస్తుంది. నాయకుడు దిగి, ఒక పూజారి చేతిలోంచి పుల్ల తీసుకుని డోలు మీద రెండు దెబ్బలేస్తాడు. కెమెరాలు తృప్తిపడతాయి. మర్నాడు పేపర్లో ఫొటో కింద ‘డోలు వాయిస్తున్న మంత్రి’ అని ఉంటుంది. ఐదు గంటలు ఎండలో నిలబడి వాయించినవాళ్లు అదే ఫొటోలో మోచేతుల దాకా ఉంటారు.

మల్లన్న కథ తెలిసిన మనిషిని పిలిచి మూడు నిమిషాలు మోత మోగించుకుని పంపడం మామూలైపోయింది. లోపల స్టేజీ మీద వెలుగుతున్న జ్యోతికి అటూ ఇటూ సన్మానాలు, శాలువాలు, ‘మన సంస్కృతిని కాపాడుకోవాలి’ అనే ప్రసంగాలు. ఆ సంస్కృతి అప్పటికి షామియానా వెనక అన్నం టోకెన్ల లైన్లో ఉంటుంది. పప్పు దొరుకుతుంది, సాంబారు అయిపోయి ఉంటుంది.

పెళ్లిళ్లది ఇంకో రకం. జనగామ ఫంక్షన్ హాల్లో పెళ్లికూతురు ‘ఎంట్రీ’. పొగ మిషను, చల్ల నిప్పులు, పైన డ్రోను, మధ్యలో ఒగ్గు డోలు. పట్నం నుంచి వచ్చిన ప్లానర్ ముందురోజు ఫోన్ చేస్తాడు.

‘అన్నా, డ్రెస్ పసుపు వద్దే. మన థీమ్ పేస్టల్.’

‘పసుపు బండారి సారూ అది. మల్లన్నది.’

‘ఓకే, మల్లన్న కూడా పేస్టల్‌లనే ఉండనియ్యిండ్రి. ఇగో, పైసలు అడ్జస్ట్ చేసుకోవాలె, రీల్‌ల ట్యాగ్ చేస్తం.’

ట్యాగు! కిరాణా కొట్టువాడు ఆ ట్యాగు తీసుకుని కిలో పప్పు కొలిచి ఇచ్చిన రోజు మానుకోట సెంటర్లో నేనే శిలాఫలకం వేయిస్తాను.

సర్కారు దారి సర్కారుది. తెలంగాణ సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది దాకా కళాకారులకు జీతం ఇచ్చారు. కడుపు నిండే పని, కాదనను. పాట మాత్రం పథకానిది. ఒక ప్రభుత్వం పోయి ఇంకోటి వస్తే పల్లవిలో ‘ధరణి’ తీసి ‘భూభారతి’ పెట్టుకుంటే చాలు, తాళం ఎక్కడా తప్పదు. ఆ 550లో లేనివాళ్లకు కలెక్టరేట్ కళాజాతాలున్నాయి. ఆట ముందు, కొటేషన్ తర్వాత, బిల్లు ఆ తర్వాత, ట్రెజరీ ఎప్పుడో. రామాయణం అరణ్యకాండలో ఉండగా చేసిన జాతా పైసలు పట్టాభిషేకం నాటికి పడితే అదృష్టవంతుడి కింద లెక్క.

ఇక గుర్తింపు. మార్కెటింగ్ గురువులకు బాగా ఇష్టమైన మాట ఇది. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లి చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఐదు దశాబ్దాలకు పైగా, 19,000కు మించిన ప్రదర్శనలని కేంద్రమే చెప్పింది. రాష్ట్రం 25 లక్షలు, నెలకు 25 వేల పెన్షన్ ప్రకటించింది. మంచిది, ఆయన కష్టానికి అదీ తక్కువే. అయితే కొత్తగా గజ్జె కడుతున్న కుర్రాడికి మనం చెబుతున్న బిజినెస్ ప్లాన్ ఏమిటి? ముందు పంతొమ్మిది వేల ఆటలు ఆడు, తర్వాత చూద్దాం. కిన్నెర మొగులయ్యకు అంతకు రెండేళ్ల ముందే పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన తుర్కయంజాల్‌లో కూలి పని చేస్తూ కనిపించారు. పతకం మెడలో పడ్డంత మాత్రాన చేతిలోకి పని రాదు.

జనాదరణ అంటారా? అదీ చూశాం. 2023లో ‘బలగం’ సినిమా వచ్చింది. ఊళ్లలో తెరలు కట్టుకుని మరీ చూశారు. చివర్లో దుగ్గొండి పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతుంటే, ఏళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు కూడా కొంగూ కండువా వెతుక్కున్నారు. ఏ ఏజెన్సీ చేయగలదు అంత ప్రచారం? మొగిలయ్య కిడ్నీ జబ్బుతో మంచాన పడి, సాయం కోసం నలుగురి వైపు చూడాల్సి వచ్చింది. 2024 డిసెంబర్లో కన్నుమూశారు. ఆ పాట ఇప్పటికీ దశదినకర్మల్లో స్పీకర్ల మీద మోగుతూనే ఉంది. స్పీకరుకు బయానా ఇస్తున్నారు.

పెన్షన్ గురించి శిక్షణ తరగతుల్లో ఎందుకో ఎత్తరు. ముసలి కళాకారులకు కేంద్రం ఇచ్చే సాయం నెలకు 6,000 దాకా. అరవై నిండాలి, ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు. అంటే, మీ పాఠాలు ఒంటబట్టించుకుని అరవై ఏళ్ల ఒగ్గు పూజారి నిజంగానే బుకింగులు తెచ్చుకున్నాడనుకోండి, పెన్షన్ గోవిందా. లోగో పెట్టుకోవాలా, ఫారం నింపుకోవాలా అన్నది ఆయనే తేల్చుకోవాలి. బాగా అమ్ముడుపోయినా నష్టమే, అమ్ముడుపోకపోతే కనీసం అర్హత.

పాలకుర్తి సోమనాథుడు ఈ గడ్డవాడే. ‘పండితారాధ్య చరిత్ర’లో శివరాత్రి నాటి శ్రీశైలాన్ని వర్ణిస్తూ అక్కడి ఆటగాళ్లనూ పాటగాళ్లనూ బొమ్మలాటలనూ ఓపిగ్గా లెక్కపెట్టి రాశాడు. కమీషన్ అడగని పబ్లిసిస్టు ఈ గడ్డకు ఆయన తర్వాత దొరికినట్టు లేదు. లింగాల ఘన్‌పూర్ మండలం మాణిక్యాపురంలో చుక్క సత్తయ్య ఉన్నంతకాలం ఒగ్గుకథకు ప్రచారం అక్కర్లేకపోయింది, ఆయన గొంతే చాలింది. ఆయన 2017లో పోయారు. ఆయన చెప్పినట్టు రాత్రంతా కథ చెప్పాలన్నా ఇప్పుడు చట్టం ఒప్పుకోదు. రాత్రి పది దాటితే మైకు బంద్. చిందోళ్ల ఆటలో ముఖానికి అర్దళం పూసి, కిరీటం బిగించి రాజు తెరలోంచి బయటికి వచ్చే వేళకు కానిస్టేబుల్ కూడా వస్తాడు. డీజే బారాత్ అదే రోడ్డు మీద పదకొండున్నరకు పోతుంటే మాత్రం ఆయనే ట్రాఫిక్ పక్కకు జరిపి దారి ఇస్తాడు. కాబట్టి తప్పు చట్టంది కాదు, డెసిబెల్స్ సరిపోకపోవడానిది.

సరే, బ్రాండే కావాలంటున్నారు గనక మేళాల తరఫున రేటు కార్డు నేనే రాసిస్తాను, ఉచితంగా. కార్డుకు ఇంకో వైపు క్యూఆర్ కోడ్ కూడా వేయించుకోండి. గేటు కాడ స్వాగతానికి ఒక రేటు. ముఖ్య అతిథి ఆలస్యానికి గంటల లెక్కన వెయిటింగ్ చార్జి, జనగామ స్టేషన్ ముందు ఆటోలకు ఉన్నది డోలుకు ఉంటే తప్పేమీ లేదు. తహసీల్దారుకూ నీళ్ల డబ్బాల ఆటోకూ పొరపాటున కొట్టిన డోలుకు సగం ధర. నాయకుడు పుల్ల పట్టుకుని ఫొటో దిగితే డోలు అద్దె వేరుగా, ఆ ఫొటో కింద వాయించినవాళ్ల పేర్లు వేయిస్తే అది మాఫీ. పసుపు బట్టలు మార్చమంటే రెట్టింపు, మల్లన్న పేరు తీసి పెళ్లికొడుకు పేరు పెట్టమంటే బేరమే లేదు. సాంబారు తప్పనిసరి. పూర్తి కథ, పొద్దు గూకినకాడ నుంచి తెల్లారేదాకా కూర్చుని వింటామనేవాళ్లకు మాత్రం పైసా అడగరు. మైకు పర్మిషన్ మీరే తెచ్చుకోవాలి.